ఇమేజి ఎక్కించే దారి గ్లాన్స్‌లోంచే ఉండాలి

ఏప్రిల్లో ఓ మంగళవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి, విశాఖలో కొమ్మాది దాటాక ఉన్న ఓ ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఫోనొచ్చింది. "ఏటి బాబూ, సగం మెషీన్లు లెగుస్తన్నాయి, సగం లెగట్లేదు. పదకొండింటికి పిల్లలకి ప్రాక్టికల్స్. ఏటి చెయ్యమంటారు?" అన్నారు ల్యాబ్ అసిస్టెంటు గారు. నాకంటే పదిహేనేళ్లు పెద్దాయన. మామూలుగా నింపాదిగా మాట్లాడే మనిషి, ఆ రోజు గొంతు వణికింది.

ఆ కాలేజీ ల్యాబులో నాలుగు కంప్యూట్ నోడ్లతో (వీఎంలను, అంటే మెషీను లోపల సాఫ్ట్‌వేరుతో నడిచే మెషీన్లను, మోసే కంప్యూటర్లు) చిన్న ఓపెన్‌స్టాక్ క్లౌడు ఉంది. ఓపెన్‌స్టాక్ అంటే సొంత క్లౌడు నడుపుకునే సాఫ్ట్‌వేరు. అందులో వీఎంలను లేపేది నోవా, అవి లేవడానికి కావాల్సిన డిస్కు నకళ్లను, అంటే ఇమేజీలను, చూసుకునేది గ్లాన్స్. దాని బాగోగులు మా ముగ్గురి టీము చూస్తుంది. రుషికొండ నుంచి బండి మీద వెళ్లేసరికి ల్యాబులో ఓ వరస స్క్రీన్లన్నీ లాగిన్ దాకా రాకుండానే ఫైల్ సిస్టమ్ ఎర్రర్లు చూపించి ఆగిపోయి ఉన్నాయి. పక్క వరసలో అదే ఇమేజి నుంచి లేచిన వీఎంలు చక్కగా నడుస్తున్నాయి. ఇమేజి పేరు ఒకటే, ఐడీ ఒకటే.

ఇమేజీలు దాచే సర్వర్లోకి వెళ్లి ఫోల్డరు చూశాను. 6.4 జీబీ ఉండాల్సిన ఫైలు 2.9 జీబీ దగ్గర ఆగి ఉంది. దాని పక్కన టైము ముందురోజు సాయంత్రం ఆరు దాటాక. అప్పుడు అర్థమైంది. కొత్త కంపైలరు కావాలని మేడమ్ గారు అడిగితే, ల్యాబ్ అసిస్టెంటు గారు ఇమేజిలో దాన్ని వేసి, ఎస్‌సీపీతో (ఒక మెషీన్లోంచి ఇంకోదాంట్లోకి ఫైలు కాపీ చేసే కమాండు) పాత ఫైలు మీదికే ఎక్కించారు. మధ్యలో వైఫై తెగింది. ల్యాప్‌టాప్ మూసేసి, అయిపోయిందనుకుని ఇంటికెళ్లారు.

తప్పు ఆయనది కాదు. ఆ సర్వర్లోకి ఫైలు పెట్టడానికి మేం ఆయనకి చూపించిన దారి అదొక్కటే. గ్లాన్స్ హెచ్‌టీటీపీ స్టోరు (వెబ్ అడ్రసులో ఉన్న ఇమేజిని తెచ్చిచ్చే భాగం) చదవడం మాత్రమే చేస్తుంది. దానికి అప్‌లోడు కూడా జోడించాలన్న ప్రతిపాదన గురించి అంతకుముందు చదివినప్పుడు "ఎందుకొచ్చిన గొడవ, చదవడానికే ఉంచితే పోలేదా" అనుకున్నవాణ్ని నేను. ఆ రోజు ల్యాబులోంచి బయటికొచ్చేటప్పటికి ఆ మాట నాకే రుచించలేదు. అప్పట్నుంచి ఆలోచిస్తూ, మా దగ్గర చేసి చూస్తూ ఉన్నాను. జోడించాల్సిందేనని ఇప్పుడు నా గట్టి అభిప్రాయం. కాకపోతే దాన్ని చిన్న పని అనుకుని చేస్తే మాత్రం ఇప్పుడున్నదానికంటే పెద్ద నష్టమే జరుగుతుంది.

మారదని మాటిచ్చి

గ్లాన్స్ మనకిచ్చే మాట ఒకటుంది. ఇమేజి యాక్టివ్ అయ్యాక దాని డేటా మారదు. మార్చాలంటే కొత్త ఇమేజి పెట్టుకోవాలి, దానికి కొత్త ఐడీ వస్తుంది. మిగతా క్లౌడంతా ఈ మాట మీదే నడుస్తుంది. నోవా ఓ ఇమేజిని మొదటిసారి దించుకున్నప్పుడు ఆ నోడు మీద బేస్ ఫైలుగా దాచుకుంటుంది. ఆ ఫైలు పేరు ఇమేజి ఐడీ నుంచే పుడుతుంది. మళ్లీ అదే ఐడీతో వీఎం అడిగితే గ్లాన్స్ దాకా వెళ్లదు, దగ్గరున్నదే వాడేస్తుంది. ఎవరూ వాడని బేస్ ఫైలును ఒక రోజు దాటాక తీసేస్తుంది.

కాలేజీలో జరిగింది సరిగ్గా ఇదే. రెండు నోడ్ల మీద లెక్చరర్ల వీఎంలు నడుస్తూ ఉన్నాయి కాబట్టి పాత బేస్ ఫైలు అలాగే ఉంది. మిగతా రెండూ శని, ఆదివారాలు ఖాళీగా ఉండడంతో బేస్ ఫైలు పోయింది. మంగళవారం పొద్దున్న అవి కొత్తగా దించుకున్నాయి, సగం ఫైలు దిగింది. రోగం ఇమేజిలో ఉంటే లక్షణాలు నోడ్లను బట్టి మారుతున్నాయి. ఆ ముక్క తెలియకపోతే ఎవరైనా ముందు ఆ రెండు నోడ్ల డిస్కుల్నే అనుమానిస్తారు. నేనూ పావుగంట అదే చేశాను.

హెచ్‌టీటీపీ స్టోరు ఈ మాటను నిలబెట్టలేదు, ఎందుకంటే ఫైలు దాని చేతిలో లేదు. ఎక్కడో ఉన్న ఫైలు అడ్రసును లొకేషనుగా రాసుకుని, అడిగినప్పుడు తెచ్చిస్తుందంతే. ఆ అడ్రసు వెనక ఫైలు రాత్రికి రాత్రి మారిపోయినా దానికి తెలియదు. పైగా మేం లొకేషన్ మాత్రమే ఇచ్చి పెట్టిన ఆ ఇమేజికి చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో పోల్చి చూసుకునే విలువ) గడి ఖాళీగానే ఉంది. డేటా గ్లాన్స్ గుండా ఎక్కితే, ఎక్కుతున్నప్పుడే గ్లాన్స్ హాష్, అంటే ఆ పోల్చుకునే విలువ, కట్టి రాసుకుంటుంది. పాత ఎండీ5 పద్ధతికి తోడు 2018లో వచ్చిన రాకీ విడుదల నుంచి షా-512 కూడా ఉంది. ఆ విలువ ఉండి ఉంటే నోవా దించుకుంటున్నప్పుడే గ్లాన్స్ క్లయింటు లెక్క కట్టి చూసి, తేడా రాగానే ఎర్రరు ఇచ్చేది. వీఎం లేచేదే కాదు. పిల్లల ముందు సగం లేచి చచ్చిపోయే కంటే అదే నయం.

మా నాన్న కాన్వెంట్ జంక్షన్ దగ్గర ఓ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కాటా గుమాస్తాగా చేసేవారు. లోడైన లారీ కాటా ఎక్కుతుంది, చీటీ రాస్తారు, డ్రైవరు దాన్ని జేబులో పెట్టుకుని పోతాడు. దించే చోట మళ్లీ కాటా. రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూస్తారు. మొదటి చీటీ పోయిన లారీ వస్తే సరుకు బాగానే కనిపిస్తున్నా దించుకోనిచ్చేవారు కాదట. "దేంతో పోల్చమంటావు?" అనేవారు నాన్న. ఆ రోజు ఖాళీ చెక్‌సమ్ గడిని చూసినప్పుడు నాకు ఆ ప్రశ్నే గుర్తొచ్చింది.

"ఒక్క లైనే కదన్నా"

మా టీములో చిన్నమ్మాయి ఒకతె ఉంది, పని చురుగ్గా అందుకుంటుంది. విషయం చెప్పగానే "ఒక్క పుట్ రిక్వెస్టే కదన్నా, రేపటికి చేసేస్తాను" అంది. చేసింది కూడా. నలభై లైన్ల లోపు కోడు. హెచ్‌టీటీపీలో పుట్ (ఫైలును సర్వర్లో పెట్టమనే రిక్వెస్టు) ఎప్పట్నుంచో ఉంది. దాని మీద ఫోల్డర్లు, పేరు మార్పుల్లాంటివి కావాలంటే వెబ్‌డావ్ ఉంది, 2007 నాటి ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 4918. మేం వాడే ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్లో డావ్ మాడ్యూలు ఉంది. కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదన్నది ఆ అమ్మాయి వాదన. ఆ మాట నిజమే.

మొదటి పరీక్షకి సిర్రోస్ ఇమేజి ఎక్కించాం. అది పరీక్షల కోసమే చేసిన, ఇరవై ఎంబీల పాటి బుల్లి ఇమేజి. 413 (పంపింది మరీ పెద్దదన్న ఎర్రరు) వచ్చింది. ఎన్‌జిన్‌ఎక్స్‌లో రిక్వెస్టు బాడీకి మామూలు హద్దు 1 ఎంబీ. సెట్టింగు మార్చాం, ఎక్కింది. ఇలాంటివి పెద్ద విషయాలు కావు, ఓ పేజీ రాసిపెట్టుకుంటే సరిపోతుంది.

రెండోది అలా వదిలేసేది కాదు. 8 జీబీల ఇమేజి ఎక్కిస్తుంటే ఐదారు జీబీల దగ్గర సర్వరు ఎర్రరు. ఇమేజీల డిస్కులో చూస్తే రెండు టీబీల ఖాళీ ఉంది. ఎన్‌జిన్‌ఎక్స్ ఎక్కుతున్న ఫైలును ముందు ఓ తాత్కాలిక ఫోల్డర్లో రాసి, మొత్తం వచ్చాకే అసలు చోటికి పేరు మారుస్తుంది. ఆ తాత్కాలిక ఫోల్డరు రూట్ డిస్కులో ఉంది, నిండిపోయింది అది. రెండూ ఒకే ఫైల్ సిస్టమ్ మీద ఉంటే పేరు మార్చడం క్షణంలో పని. వేరువేరు అయితే మొత్తం ఫైలును మళ్లీ కాపీ చేస్తుంది. ఆ కాపీ నడుస్తున్నంతసేపూ అవతల గ్లాన్స్ జవాబు కోసం కాచుకుని కూర్చోవాలి. తాత్కాలిక ఫోల్డర్ని ఇమేజీల డిస్కులోకే మార్చాం.

అయితే ఈ పద్ధతి వల్లే నాకు అప్‌లోడు మీద నమ్మకం కలిగింది. ఎస్‌సీపీ నేరుగా అసలు ఫైలు మీద రాస్తుంది, ఎక్కడ తెగితే అక్కడ సగం ఫైలు. పుట్‌తో వెళ్తే కనెక్షన్ తెగినా అసలు పేరుతో ఏమీ కనిపించదు. కాలేజీలో ఆ సాయంత్రం ఈ తేడా ఒక్కటి ఉన్నా సరిపోయేది.

అసలు చిక్కు మూడో పరీక్షలో బయటపడింది. కావాలని అప్‌లోడు మధ్యలో క్లయింటు కేబుల్ పీకేశాం. సర్వర్లో 1.1 జీబీ ఫైలు అసలు పేరుతోనే తయారై ఉంది, ఫైలు తయారైందన్న 201 జవాబు కూడా వచ్చేసింది! ఇప్పుడే కదా తెగితే ఏమీ కనిపించదన్నాను?

జరిగిందేంటంటే, సైజు ముందే తెలియని ఇమేజిని చంక్‌లుగా, అంటే ముక్కలుగా, పంపుతాం. ఇక అయిపోయిందని చెప్పడానికి చివర్లో సున్నా సైజు చంక్ వెళ్తుంది. క్లయింటు నుంచి గ్లాన్స్‌కు వచ్చే దారి తెగింది గానీ, గ్లాన్స్ నుంచి ఎన్‌జిన్‌ఎక్స్‌కు వెళ్లే దారి తెగలేదు. మా కోడులో డేటా రావడం ఆగిపోతే లూపు నుంచి మామూలుగా బయటికొచ్చేలా రాసుకున్నాం. దాంతో ఆ ఆఖరి సున్నా చంక్ మర్యాదగా వెళ్లిపోయింది. ఎన్‌జిన్‌ఎక్స్ దృష్టిలో ఫైలు మొత్తం వచ్చేసినట్టే. అవతల తెగిందని తెలియగానే ఇవతల కూడా మనమే తెంపెయ్యాలి, ముగింపు పలకకూడదు. ఆ రెండు లైన్ల మార్పుకి మాకు ఒక రోజు పట్టింది. నలభై లైన్ల కోడులో ప్రాణమంతా ఆ రెండు లైన్లలోనే ఉందంటాను.

తీసెయ్యడం ఎవరి హక్కు

ఎక్కించగలిగే స్టోరు తీసెయ్యగలగాలి కూడా. లేకపోతే గ్లాన్స్‌లో డిలీట్ కొట్టిన ప్రతి ఇమేజీ డిస్కులో అలాగే పడి ఉంటుంది. ఆర్నెల్లలో ఏది బతికున్నదో ఏది చచ్చిందో ఎవరికీ తెలియదు. ఇంతవరకూ ఎవరూ కాదనరు.

కానీ ఇప్పటిదాకా ఈ స్టోరులో ఉన్న లొకేషన్లన్నీ ఎవరివి? కొన్ని మా సర్వర్లోవి. కొన్ని ఉబుంటు క్లౌడ్ ఇమేజీల సైటు అడ్రసులు. కొన్ని ఎప్పుడో ఎవరో లెక్చరరు తన రీసెర్చి సర్వర్లో పెట్టుకున్న ఫైళ్ల అడ్రసులు. ఇవన్నీ డేటాబేసులో ఒకే రకంగా, హెచ్‌టీటీపీతో మొదలై ఉంటాయి. ఈ స్టోరును నడిపే కోడుకు, అంటే డ్రైవరుకు, డిలీట్ నేర్పామనుకోండి. ఓ విద్యార్థి తన లిస్టులోంచి ఇమేజి తీసేస్తే, గ్లాన్స్ వెళ్లి ఆ లెక్చరరు గారి సర్వరుకు డిలీట్ పంపిస్తుంది. ఆ సర్వర్లో కూడా డావ్ తెరిచి ఉంటే? ఆయన ఫైలు పోయినట్టే. పాత డ్రైవరు తీసెయ్యనని చెప్పి ఊరుకోవడం లోపమని ఇన్నాళ్లూ అనుకున్నాను. పరాయి ఫైలు జోలికి వెళ్లకపోవడం అది ఇస్తున్న రక్షణ కూడా.

అందుకని మేం ఒక గీత గీశాం. కాన్ఫిగ్‌లో ఒక మూల అడ్రసు ఉంటుంది. దాని కింద, ఇమేజి ఐడీయే పేరుగా, గ్లాన్స్ తనే ఎక్కించిన ఫైలును మాత్రమే తీస్తుంది. మిగతా ఏ అడ్రసుకైనా పాత మర్యాదే. ఈ గీత లేకుండా డిలీట్ జోడించే ఏ ప్యాచినీ నేను ఒప్పుకోను, అది ఎంత బాగా రాసి ఉన్నా సరే. పేరు ఇమేజి ఐడీయే కావడంలో ఇంకో లాభం ఉంది. ఒకరి ఫైలు మీద ఇంకొకరిది రాసే ప్రశ్నే రాదు. పుట్ సహజంగా ఉన్నదాని మీద రాసేస్తుంది, అది దాని ధర్మం. అందుకే పేరును మనిషి చేతికి వదలకూడదు. కాలేజీ ఫైలు పేరు "ల్యాబ్-ఫైనల్". ఆ పేరు ఉన్నన్నాళ్లూ ఎవరో ఒకరు దాని మీద రాస్తారు.

పాస్‌వర్డు సంగతి ఇంకా నన్ను పీకుతూనే ఉంది. రాయడానికి హక్కు కావాలంటే పేరూ పాస్‌వర్డూ ఉండాలి. ఈ డ్రైవరు లొకేషన్ అడ్రసులోనే వాటిని మోయగలదు. అంటే అవి ప్రతి ఇమేజితో పాటు డేటాబేసులోకి వెళ్తాయి. లొకేషన్లు బయటికి చూపించే సెట్టింగు ఎవరైనా ఆన్ చేస్తే అందరి కళ్లా పడతాయి. ఓపెన్‌స్టాక్‌దే అయిన స్విఫ్ట్ స్టోరు డ్రైవరులో పేరూ పాస్‌వర్డూ విడిగా ఓ ఫైలులో పెట్టి, లొకేషన్లో దాని గుర్తు మాత్రమే రాసే పద్ధతి ఉంది. మేమూ అదే దారి పట్టాం గానీ, పాస్‌వర్డు మార్చిన రోజున ఏమవుతుందో ఇంకా పరీక్షించలేదు.

మరి పెద్ద స్టోరే పెట్టుకోవచ్చుగా

ఈ మాట మా టీములో మూడో ఆయన మొదటి రోజునుంచీ అంటున్నాడు. స్విఫ్టో, సెఫ్ఫో, ఎస్3 పద్ధతి స్టోరో (భారీగా డేటా దాచడానికే కట్టిన వ్యవస్థలు) పెట్టుకుంటే ఇవన్నీ వాళ్లే చూసుకున్నారు కదా, మళ్లీ మనమెందుకు మొదలెట్టడం అని. ఆయన వాదనలో బలముంది. గ్లాన్స్ స్విఫ్ట్ డ్రైవరు మామూలుగా 5 జీబీ దాటిన ఇమేజిని 200 ఎంబీ ముక్కలుగా పెడుతుంది. ఎస్3లో అప్‌లోడును పదివేల ముక్కల దాకా చెయ్యొచ్చు. ఒక ముక్క తెగితే ఆ ముక్కే మళ్లీ పంపుకోవచ్చు. ఉత్త పుట్‌కు ఆ సౌకర్యం లేదు. ముక్కగా పంపుతూ కంటెంట్ రేంజ్ (అది ఫైలులో ఎక్కడి ముక్కో చెప్పే హెడరు) పెడితే 400 ఎర్రరుతో తిప్పి పంపమని 2014 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7231 స్పష్టంగానే చెప్పింది. 2022లో వచ్చిన 9110 కాస్త పట్టు సడలించినా, అన్ని సర్వర్లూ ఒప్పుకుంటాయన్న భరోసా లేదు. 6 జీబీల దగ్గర తెగితే మళ్లీ మొదట్నుంచే.

ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. చూసుకునే మనుషుల్లేక గ్లాన్స్ ఎస్3 డ్రైవరునే ఒకసారి తీసేశారు, మళ్లీ 2020లో ఉస్సూరి విడుదలలో గానీ తిరిగి రాలేదు. రేపు ఈ అప్‌లోడు కోడును ఎవరు చూస్తారని. నా దగ్గర దీనికి పూర్తి జవాబు లేదు. మేం చూస్తామనగలను, ముగ్గురం ఉన్నన్నాళ్లూ.

కానీ ఆ కాలేజీకి సెఫ్ పెట్టమని నేను చెప్పలేను. సెఫ్ అంటే కనీసం మూడు మెషీన్లు, ప్రతిదాంట్లో డిస్కులు, అది ఎర్రజెండా చూపించిన రోజున అర్థం చేసుకునే మనిషి. వాళ్ల దగ్గరున్నది ఒక సర్వరు, దాంట్లో ఎన్‌జిన్‌ఎక్స్, దాన్ని చూసుకునే ఒక ల్యాబ్ అసిస్టెంటు. ఎన్‌జిన్‌ఎక్స్ లాగ్ ఆయన చదవగలరు. ఫైలు ఎక్కడుందో ఫోల్డర్లో చూసుకోగలరు. ఆ పాటి సరంజామాతో నడిచే చోట్లు ఈ ఊళ్లో నాకు తెలిసే అయిదారున్నాయి. పెద్ద స్టోరు పెట్టుకోండని వాళ్లకి సలహా ఇచ్చి వచ్చేస్తే, వాళ్లు మళ్లీ ఎస్‌సీపీనే వాడతారు. అప్‌లోడు వద్దని మనం గ్లాన్స్‌లో తలుపు మూస్తే ఎక్కించడం ఆగదు. హాష్ లేకుండా, ఐడీ మారకుండా, పక్క సందులోంచి జరుగుతుంది. అప్‌లోడు జోడించాలని నేను పట్టుబట్టేది ఈ సందు కోసమే.

ఇంటర్నెట్ అడ్రసులే వాడుకోవచ్చు, మన దగ్గర దాచడం ఎందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి మీద పడ్డాక కరెంటూ ఫోనూ నెట్టూ ఎన్నాళ్లకి తిరిగొచ్చాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. జనరేటరుతో సర్వర్లు లేపుకున్న చోట కూడా, బయటి లైను లేక దించుకోవాల్సినవి దిగక చేతులు కట్టుకుని కూర్చున్నాం. ఇమేజి మన గోడ లోపల ఉండాల్సిందే.

ఎక్కించాక ఒకసారి

ఒక విషయంలో మా ముగ్గురికీ ఇంకా కుదరలేదు. ఎక్కిస్తున్నప్పుడు గ్లాన్స్ కట్టే హాష్, తన చేతిలోంచి వెళ్లిన డేటాది. డిస్కు మీద కూర్చున్న డేటాది కాదు. అందుకని పుట్ అయ్యాక ఒకసారి మొత్తం వెనక్కి చదివి, హాష్ కలిస్తేనే ఇమేజిని యాక్టివ్ చెయ్యాలని నేనంటాను. డబుల్ ట్రాఫిక్ అని వాళ్లంటారు. ఒక గిగాబిట్ లైను మీద 8 జీబీ చదవడానికి 70 సెకన్లు. ఇమేజి జీవితంలో ఒక్కసారి. ఆ కాలేజీలో నెలకి రెండు ఇమేజీలు ఎక్కితే ఎక్కువ. నిమిషం పైచిలుకు కోసం దించే చోట కాటా వద్దనడం నాకు ఒప్పుదల కాదు. ఊరంతటికీ ఇమేజీలు పంచే పెద్ద క్లౌడులో లెక్క వేరు కావచ్చు. కాబట్టి ఆన్, ఆఫ్ పెట్టి, మామూలుగా ఆన్‌లో ఉంచాం.

జూన్ చివర్లో కాలేజీలో ఈ డ్రైవరు పెట్టాం. సర్వర్లోకి ఎస్‌సీపీ దారి మూసేశాం. ల్యాబ్ అసిస్టెంటు గారి చేతే మొదటి ఇమేజి ఎక్కించాం. ఆయన కమాండు కొట్టి, స్టేటస్ సేవింగ్ దగ్గర నుంచి యాక్టివ్‌కు వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు. వచ్చాక జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి, తేదీ వేసి, ఐడీలో ఆఖరి నాలుగు అక్షరాలూ, హాష్‌లో మొదటి ఎనిమిదీ రాసుకున్నారు. నేను రాయమనలేదు.

"పాతది తీసెయ్యొచ్చా బాబూ?" అని అడిగారు.

దాని మీద ఇంకా పదకొండు వీఎంలు నడుస్తున్నాయి. సప్లిమెంటరీలు అయ్యేదాకా ఉంచమన్నాను.